గిన్నెలు ఎంగిలితోనే ఇంటికి

కార్తీకంలో వనభోజనాలు ఎక్కడ అనే మాట వస్తే, మా సింహాచలం వైపు ఇళ్లలో ముందుగా వినిపించే పేరు తాటిపూడి. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి దిగివచ్చే గోస్తని మీద కట్టి, 1968లో పూర్తిచేసిన జలాశయం అది. వేపగుంట, పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట మీదుగా దారి. ఆరింటికి బయల్దేరితే ఎండ ముదరకముందే గట్టు మీద ఉంటాం. చుట్టూ కొండలు, వానలు వెనకపట్టాక నిండుగా నిలిచిన నీళ్లు. దీనికన్నా అందమైన చోటు మా చుట్టుపక్కల నాకు తెలిసి లేదు.

అయితే అందం చూసి చోటు ఎంచుకుంటే రోజు పాడవుతుంది. ఎవరెవరు వస్తున్నారో చూసి ఎంచుకోవాలి. అందరిలోకీ తక్కువ నడవగలిగేది ఎవరో, వాళ్ల కాళ్లతోనే దూరం కొలవాలి. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు, నెలల పిల్ల ఉన్న కోడలు వస్తున్నారంటే తాటిపూడి మానేసి ముడసర్లోవకే వెళ్లాలంటాను. నూరేళ్లు దాటిన చెరువు, పక్కనే పార్కు, అడివివరం నుంచి ఆటోలో వెళ్లి రావచ్చు. మగవాళ్లు వేసే ప్లానుల్లో తరచుగా మర్చిపోయేది మరుగుదొడ్డి సంగతి. రోజంతా నీళ్లు తాగకుండా గడిపే ఆడవాళ్లని ఎంతమందినో చూశాను. అది వనభోజనం కాదు, ఉపవాసం. ఆ ఏర్పాటు ఎక్కడుందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోవాలి.

ఇక వంట. రాత్రి మూడింటికి లేచి పన్నెండు రకాలు వండిన ఇల్లాలు చెట్టుకింద కూర్చోగానే కునికిపాట్లు పడుతుంది. ఇంటికొక వంటకం పంచుకోవడమే సరైన పద్ధతి. ఏ వంటకం ప్రయాణానికి ఆగుతుందో కూడా తెలిసి ఉండాలి. చింతపండు పులిహోర ఊరేకొద్దీ రుచి పెరుగుతుంది కాబట్టి అది దూరపు వాళ్లకి అప్పగించవచ్చు. దద్దోజనానికి పొద్దున్నే పెరుగు కలిపేస్తే మధ్యాహ్నానికి పుల్లబడిపోతుంది. మెత్తగా వండిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు మాత్రం తోడేస్తే భోజనం వేళకి కమ్మగా తయారవుతుంది. పప్పు, కొబ్బరి పచ్చడి ఎండకి తొందరగా పాడవుతాయి, వాటి జోలికి పోవద్దు. గుమ్మడికాయ దప్పళం, కంద బచ్చలి, గోంగూర పచ్చడి ఉంటే చాలు. వేడివేడిగా తినాలని ఉంటే అన్నం ఒక్కటీ అక్కడ గాడిపొయ్యి మీద వండుకోవచ్చు, అదీ పొయ్యి పెట్టనిచ్చే చోటైతేనే. పొయ్యి చెట్టు మొదట్లో తవ్వకండి, వేళ్లు కాలిపోతాయి. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న మన చెట్లని ఎలా కూల్చిందో చూసినవాళ్లం. మిగిలినవాటిని మన చేతులతో కాల్చుకోకూడదు.

ఉసిరి చెట్టు కింద తినాలని ఆచారం. చెట్టు దొరక్కపోతే కొమ్మ విరిచి తెచ్చి నేలలో గుచ్చి పూజ చేసేవాళ్లున్నారు. చెట్టుకి మొక్కడానికి చెట్టునే విరవడం నాకు బాధగా ఉంటుంది. కుండీలో పెంచిన ఉసిరి మొక్కని బండిలో పెట్టుకెళ్తే పూజా జరుగుతుంది, మొక్కా బతుకుతుంది.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది నీళ్ల గురించి. జలాశయం అంచున నేల పైకి గట్టిగానే కనిపిస్తుంది, అడుగున ఒండ్రు. రెండడుగులు వేసేసరికి లోతు పడిపోతుంది. ఈత వచ్చినవాడికీ బురదలో కాలు దిగబడితే లాభం లేదు. గేట్ల కింద ఏటి మధ్య రాళ్ల మీదకి ఎవరినీ వెళ్లనివ్వొద్దు. 2014 జూన్ 8న హిమాచల్‌లోని బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది అలాగే పోయారు. రాళ్ల మీద నిలబడ్డారు, పైనున్న లార్జీ డ్యాం నుంచి నీళ్లు వదిలారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటులో మన విశాఖ వాళ్లూ ఉన్నారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి. ఇచ్చినా బెల్టు బిగించుకోకపోతే అది ఉన్నా లేనట్టే. పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లని పేరుపెట్టి నియమించండి, వాళ్లు ఆ గంటసేపూ పేకాటకీ ఫోన్‌కీ దూరంగా ఉండాలి. ‘అందరూ చూస్తున్నారులే’ అనుకున్నప్పుడే ఎవరూ చూడరు.

నవంబరులో మనకి అయిదుంపావు దాటేసరికి పొద్దు గుంకుతుంది, కొండల మధ్య నీడ ఇంకా ముందే దిగుతుంది. నాలుగింటికల్లా జంపఖానాలు దులిపేయాలి. అలా అయితే చుట్టూ చూసుకుని శుభ్రం చేయడానికి వెలుతురు మిగులుతుంది. చీకట్లో సర్దుకున్నవాళ్లే చెత్త వదిలేసి పోతారు. ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం, అయినా గట్టు మీద అవే గుట్టలు, వాటి మధ్య పగిలిన సీసా పెంకులు. మన ఏజెన్సీ సంతల్లో అడ్డాకు విస్తళ్లు దొరుకుతాయి. అవి కొంటే కుట్టిన గిరిజన ఇంటికి నాలుగు రూపాయలు వెళ్తాయి, తిన్నాక ఆకు మట్టిలో కలుస్తుంది.

తాటిపూడి నీళ్లు విశాఖ నగరానికి తాగునీరు. అక్కడ మనం సబ్బుతో కడిగిన గిన్నె నురగ, పారబోసిన దప్పళం, ఒలికిన నూనె అన్నీ ఆ నీళ్లలోకే చేరతాయి. వచ్చే ఆదివారం వెళ్లేవాళ్లు ఒక పెద్ద గోనెసంచి, మూత ఉన్న బకెట్టు తప్పక తీసుకెళ్లండి. చెత్త సంచిలో, ఎంగిలి గిన్నెలు బకెట్టులో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి. వాటిని మన పెరట్లో కుళాయి కింద కడుక్కుందాం.