దీమము – మృగరమణము

తెలుఁగున దీమమను మాట కలదు. వేఁటకాండ్రు పట్టి, పెంచి, తరిబీతు చేసి, దాని జాతివానిని వలలోనికిఁ దెచ్చుటకై నిలుపు మృగముగాని పక్షిగాని దీమమనఁబడును. అర్థ మింతమాత్రము చెప్పి ముగించుట పరిపాటి. అది తప్పు కాదు. కాని చెఱలోనుండి నేర్చిన పనిచే తన వారికిఁ జేటు దెచ్చు ప్రాణి దోషియా, కాదా యను ప్రశ్న యీ మాట వెనుక నున్నది. పూర్వుల మాటలు దీనికి వేర్వేఱు తీర్పులు చెప్పినవి.

ముందు మాట పుట్టుక. పాళీభాషలో ఎరగా నుంచు తిత్తిరిపక్షికి దీపకతిత్తిరమనియు, అట్టి లేడికి దీపకమృగమనియుఁ బేరు. దీప్ ధాతువు ణిజంతమైనపుడు వెలిఁగించుట, రేపుట యని యర్థము, రేపునది దీపకము. ప్రాకృతమార్గమునఁ బకారము వకారమై కన్నడమున దీవ, తెలుఁగున దీవము, దీమము నేర్పడె ననుట యుక్తము. వకారమకారములు తారుమారగుట మామిడి, మావిడి యనుచోట నెల్లరెఱిఁగినదే. రాత్రి దీపము పెట్టి చేయు వేఁటనుండియే యీ మాట వచ్చె ననరాదా యనిన, రాదు. తిత్తిరిని పంజరమున నుంచి కూయించి పట్టుట పగటి పని. అక్కడ దీపముతోఁ బని లేదు.

ఈ విషయము నారాయణఖేడువంటి చోట బోధించుట సులభము. ఆ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. పిదప మెదకునఁ జేరి, 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. తెలుఁగు, కన్నడము, మరాటీ కలసిన నేల యగుటచే దీవదీమముల చుట్టఱికము నచ్చటి బాలురకు వేఱుగఁ జెప్పనక్కఱలేదు. ఊరిపేరిలోని ఖేడు సంస్కృత ఖేటమే. పాణిని సమాసాంతమందలి ఖేటశబ్దమును నిందార్థమున గ్రహించినాఁడు గాని, ఊరివా రందులకుఁ జింతింప నక్కఱలేదు. పల్లె యను నర్థమును దానికిఁ గలదు. వేఁటకుఁ బేరైన ఆఖేటముతో దీనిని ముడివెట్టుట మాత్రము సాహసము. ఆ ప్రాంతమునకుఁ బడమటనున్న కల్యాణము రాజధానిగా నేలిన చాళుక్య మూఁడవ సోమేశ్వరుఁడు పండ్రెండవ శతాబ్దిలో మానసోల్లాసమును రచించెను. అందు మృగయావినోదమును జెప్పుచుఁ బెంపుడులేళ్లను ముందుంచుకొని యడవిలేళ్లను బట్టు రీతియుఁ జెప్పఁబడినది. మంజీరాపరీవాహప్రాంతమునకు దీమము గ్రంథస్థమైన మాట మాత్రమే కాదన్నమాట.

ఇఁక తీర్పులు. కౌటిల్యుఁ డేనుఁగులను బట్టుటకు ముందు నడుపు పెంపుడాఁడేనుఁగును హస్తిబంధకి యనెను. బంధించునది బంధకి, వ్యుత్పత్తి నిర్దోషము. కాని యమరసింహుఁడు బంధకీశబ్దమును కులటాపర్యాయములలోఁ జదివినాఁడు. కావున మాట విన్నంతనే మగయేనుఁగును వలపించి మోసగించిన జారిణి మనస్సునకుఁ దోఁచును. ఆ యాఁడేనుఁగును మునుపు కట్టుకంబమునఁ గట్టినదెవరు? ఆఁకటికి మాఁడ్చి, చెఱకు చూపి, అంకుశముతోఁ బొడిచి యా నడక నేర్పినదెవరు? మావటీఁడు చేసిన పనికి నింద కరిణికి వచ్చినది. గజశాస్త్రకారు లీ విషయమున కౌటిల్యునికంటెఁ గరుణగలవారు. నీలకంఠుని మాతంగలీలలో నేనుఁగులను బట్టు విధము లైదు చెప్పి, వానిలో ఆపాతము, అవపాతము అను రెండును ఏనుఁగులకుఁ బ్రాణాపాయకరములు గాన వలదనిరి. క్రొత్తగాఁ బట్టువడిన యేనుఁగు అడవిసుఖములను దలఁచుకొని కృశించుననియు నందే కలదు. కౌటిల్యుఁడు దయలేనివాఁడని యనుకొనరాదు. అభయవనములందలి మృగపక్షిమత్స్యములను బంధించినవానికిని వధించినవానికిని ఒక్కటే యుత్తమదండము విధించినవాఁ డతఁడే. ప్రాణముతోఁ బట్టిన పక్షిమృగములలో నాఱవపాలు అభయవనములలో విడువవలెనని చెప్పినవాఁడు నతఁడే. మాటయొక్కటియే జాఱినది.

వ్యాకరణము చూపినంత సూక్ష్మము మఱియెచ్చటను గానరాదు. రంజ్ ధాతువునకు ణిచ్చు పరమైనపుడు మృగరమణార్థమున నలోపము చెప్పవలెనని వార్తికము. లేళ్లను వేఁటాడువాఁడు రజయతి. వస్త్రములకు రంగువేయువాఁడు రంజయతి. భట్టోజిదీక్షితుఁడు మృగరమణమనఁగా ఆఖేటమని వివరించి, ప్రత్యుదాహరణముగా లేళ్లకుఁ బచ్చిక పెట్టి సంతోషపెట్టువానిని జూపెను. వానికి నకారము నిలిచి రంజయతియే యగును. ఒక్క రూపమునకై ప్రత్యేకవార్తికమెందులకని శిష్యులు విసుగుకొనుట కలదు. విసుగుకొనరాదు. మృగములను రమింపఁజేయుట యను మాటకు వేఁట యను నర్థమెట్లు వచ్చెను? ఆశ చూపి, ఇష్టము కలిగించి, దగ్గఱకుఁ దెచ్చుకొని పట్టుటయే దీని తొలియర్థమై యుండవలెను. అట్లయినచోఁ బచ్చిక పిడికిట బట్టి నిలిచిన యిద్దఱు మనుష్యులకు బయటికిఁ గనఁబడు భేదమేమియు లేదు. ఒకఁడు రజయతి, ఒకఁడు రంజయతి. చేయి యొక్కటే, గడ్డి యొక్కటే, లేడి వచ్చుటయు నొక్కటే. భేద మొక యనునాసికము. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టము వేఁటను నిర్వచించుచుఁ జంపుటతోపాటు పట్టుటను, వలపన్నుటను, ఎర చూపుటను గూడ వేఁటయనియే చెప్పినది. వార్తికకారుఁ డంగీకరింపఁదగిన నిర్వచనము.

మన ప్రబంధకవులు వేఁటపట్టులలోఁ గుక్కల పేళ్లు, డేగల జాతులు, వలల తెఱఁగులు ఎంతో మక్కువతో వర్ణించిరి. మనుచరిత్రమునను కాళహస్తిమాహాత్మ్యమునను ఆ ఘట్టముల పటుత్వ మెవ్వరును గాదనరు. కాని దీమము మనసులోనికిఁ దొంగిచూచు నవకాశము ప్రబంధములకుఁ జాల తక్కువగాఁ జిక్కినది. పంజరపుఁ జిలుకలకుఁ బాండిత్యమిచ్చిరి. అవి యెట్లు నేర్చినవో యడుగరు. చిలుకను బట్టుటలోని ఘోరమును జూచినవాఁడు బాణుఁడు: కాదంబరిలో ముసలి శబరుఁడు బూరుగుచెట్టెక్కి చిలుకలను జంపు ఘట్టము కన్నీరు దెప్పించును.

దీమము నోటనే ప్రశ్న పలికించినది తిత్తిరిజాతకము. అందు బోయ యొక తిత్తిరిని బట్టి దీమముగా నేర్పెను. తన కూఁత విని వచ్చిన చుట్టములు చచ్చుట చూచి యది నోరు మూసికొనెను. బోయ వెదురుకఱ్ఱతో తలపై మొట్టఁగా, నొప్పికి మరల కూసెను. చుట్టములు మరల వచ్చిరి. పాపము నాదా యని యది తాపసు నడిగెను. నీ మనస్సందుఁ జొరలేదు గనుక నీకు దోషము లేదని యాతఁడు చెప్పెను. ఆ తిత్తిరి రాహులుఁడని జాతకసమవధానము. రష్యాదేశపు పావ్లోవు (1849–1936) కుక్కలకు మేఁతతో నొక చప్పుడును జతపఱచి, తుదకు చప్పుడుకే లాలాజలము స్రవించుట చూపెను. అమెరికావాఁడు స్కిన్నరు (1904–1990) ఫలముచేతను దండముచేతను నడవడి యెట్లు మాఱునో పరిశోధించెను. మనవారు వాసన, సంస్కారము అని వ్యవహరించినదానికి వారు ప్రయోగము తోడుచేసిరి. బోయ కఱ్ఱదెబ్బ యీ రెండవ మార్గములోనిదే. అయినను జాతకము వారికంటె నొక యడుగు ముందున్నది: కూఁత నేర్పఁబడినదని తెలిసిన పిదప దాని కర్తృత్వ మెవరిదని యది యడిగినది. స్వతంత్రుఁడు కర్త యని పాణినిమతము. పంజరములోనిదానికి స్వాతంత్ర్య మెక్కడిది? అచ్చట తిత్తిరి ప్రయోజ్యము; బోయయే ప్రయోజకకర్త, హేతువు.

ఈ విచారము నేఁటి రక్షణకార్యమునకును వర్తించును. నిజాముల వేఁటపట్టగు పోచారము 1952లో అభయారణ్యమైనది. అచ్చట జింకలను ఆవరణములో పెంచుచున్నారు. మంజీరలోని మొసళ్లకు 1978లో అభయారణ్య మేర్పడినది. చంపరాదనుటతో పని తీఱదు. మనుష్యునిచేతి మేఁతకు మరగిన ప్రాణిని విడిచిన, అది చేతులనే వెదకుకొనుచు వచ్చును. రెండవ చేయి బోయది కావచ్చును. అమెరికాలో హూపింగ్ క్రేన్ అను సారసజాతి పిల్లలను బెంచువారు తెల్లని ముసుఁగులు ధరించి, పక్షితలవంటి బొమ్మతో మేఁత నందించుట యిందులకే. పిల్ల తొలుతఁ జూచినవానిని తల్లిగా వెంబడించునని పెద్దబాతులయందుఁ బరిశీలించి వివరించినవాఁడు లోరెంజు. ఆయనకు 1973లో నోబెలు బహుమాన మిచ్చిరి. శకుంతల పెంచిన లేడికూన పయనపువేళ ఆమె చెఱఁగు పట్టుకొనుట కాళిదాసునిచేతఁ గరుణరసమైనది. ఆ కూన మఱునాఁ డడవిలో నెవరి చెఱఁగు పట్టుకొనెనో!

వార్తికములో మఱియొక నియమము మిగిలినది. నలోపము మృగములకే; పక్షులయెడల వేఁటలోనైనను రంజయతియే యని దీక్షితుని యుదాహరణము. అనఁగాఁ బక్షిని మేఁత పెట్టి పోషించువానికిని, మేఁత పెట్టి పట్టువానికిని శబ్దశాస్త్రమున వేఱు రూపము లేదు. జాతకకర్త ప్రశ్నను లేడినోటఁ గాక తిత్తిరినోటఁ బెట్టుట బుద్ధిపూర్వకమనుట కాధారము లేదు గాని, శబ్దము తీర్పు చెప్పలేని చోటనే తాపసుఁడు మనస్సును సాక్షిగా నిలిపెను. దీమశబ్దమునకు నిఘంటువులలో అర్థము వ్రాయుచోట, తన జాతివానిని బట్టించునది యనుటకు మాఱుగాఁ దన జాతివానిని బట్టుటకై వేఁటకానిచే నేర్పఁబడినది యని దిద్దుకొనుట మేలు.