చీర తిరగేసి చూస్తే

ప్రవాస సాహిత్యం మీద వచ్చే వ్యాసాల్లో చీర కనిపించినంత తరచుగా చీర నేసినవాళ్లు కనిపించరు. చీర అంటే వదిలివచ్చిన ఇల్లు, అమ్మ, సంప్రదాయం. జీన్స్ అంటే స్వేచ్ఛ. ఈ రెండు పెట్టెల్లోనూ స్త్రీల కథలన్నీ సర్దేయడం మన విమర్శకి అలవాటైపోయింది. ఆ సర్దుడులో బాగా నలిగిన కథ చిత్రా బెనర్జీ దివాకరుణి రాసిన ‘క్లోత్స్’ (‘అరేంజ్డ్ మ్యారేజ్’ సంపుటి, 1995).

పెళ్లిచూపులకి తండ్రి తెచ్చిన ఖరీదైన గులాబిరంగు పట్టుచీర కట్టుకున్న సుమిత, పెళ్లయి కాలిఫోర్నియా వెళ్తుంది. అక్కడ అత్తమామలతో కలిసి కాపురం. భర్త సోమేశ్ కొనిచ్చిన జీన్స్, టీషర్టు పడగ్గది తలుపులు మూసుకునే తొడుక్కోవాలి. దుకాణంలో రాత్రి డ్యూటీలో ఉన్న సోమేశ్‌ని దొంగ కాల్చి చంపాక, తెల్లచీరలో అత్తమామల వెంట ఇండియా తిరిగిపోవడమా, ఒంటరిగా అక్కడే నిలబడడమా అన్న ప్రశ్న వస్తుంది. ఆమె ఉండిపోవాలనుకుంటుంది. దీన్ని చీర నుంచి జీన్స్‌కి సాగిన విముక్తిగా చదివేసి ఊరుకుంటాం. కానీ చీర కొన్నది తండ్రి, జీన్స్ కొన్నది భర్త. బట్టలు మారాయి గానీ కొనే చెయ్యి మగవాడిదే. కథలో నాకు అన్నిటికన్నా బరువుగా తోచింది ఇదే.

ఇంకో సంగతి. ఆ పెళ్లిచూపుల చీర నిండా బంగారు జరీతో కుట్టిన చిన్నచిన్న నక్షత్రాలున్నాయి. అవి ఎవరు కుట్టారో కథకి పట్టలేదు. చిన్న కథ, అన్నీ పట్టించుకోనక్కర్లేదు. నా పేచీ రచయిత్రితో కాదు. ఆ చీర రంగు దేనికి ప్రతీకో తేల్చడానికి పేజీలు ఖర్చుపెట్టే మనతోనే.

పుస్తకంలో కన్నా ఈ ప్రశ్న నాకు న్యూజెర్సీలో ఒక బట్టల కొట్లో గట్టిగా ఎదురైంది. అక్క పురుటికని అమ్మ ఆర్నెల్లు ఉండడానికి వెళ్లింది. (ఆ ఆర్నెల్ల చాకిరీని మనం ‘అమెరికా చూసి రావడం’ అంటాం.) సెలవుల్లో నేనూ వెళ్లాను. బారసాలకి చీరలు కావాలని, పిల్లని బావకి అప్పగించి ముగ్గురం ఓక్‌ట్రీ రోడ్డుకి బయల్దేరాం. ఎడిసన్, ఐసెలిన్ ఊళ్ల మీదుగా సాగే ఆ రోడ్డు పొడవునా మన చీరలు, నగలు, మిఠాయిలు, దోసెలు. రెండు గంటల్లో బావ నాలుగుసార్లు ఫోను చేశాడు.

కొట్లో ‘పోచంపల్లి’ అని ఒక చీర పరిచారు. అమ్మ చెంగు తిరగేసి చూసింది. లోపలివైపు రంగు వెలిసిపోయినట్టుంది. ఇక్కత్‌కి నూలుకే చిటికి కట్టి, రంగులు అద్ది, ఆ తర్వాతే మగ్గం మీదికి ఎక్కిస్తారు. అందుకే రెండు వైపులా ఒకే రంగు పలుకుతుంది, బొమ్మ అంచులు కాస్త అదిరినట్టుంటాయి. ఇక్కడ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. “ఇది అచ్చు వేసిందే” అంది అమ్మ నాతో. “ఎవరు తిరగేసి చూస్తారమ్మా ఇక్కడ?” అంది అక్క. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్న కొట్లో అమ్మాయి, ఫొటోల్లో తేడా తెలియదని హిందీలో చెప్పింది. అక్క ఆ చీరే కొంది.

అక్కని తప్పుపట్టలేను. బావ జీన్స్‌తో పీటల మీద కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. అక్క చీర కట్టకపోతే ఇక్కడి నుంచి కూడా ఫోన్లు వస్తాయి. జాతి తన లోపలి ప్రపంచాన్ని కాపాడే భారం స్త్రీల మీద ఎలా వేసిందో పార్థా చటర్జీ చెప్పింది పందొమ్మిదో శతాబ్దపు బెంగాల్ గురించే కావచ్చు, బారసాల ఫొటోలకీ సరిపోతుంది. సంస్కృతిని చూపించడమే పనైనప్పుడు, చూపుకి ఆనేంత సంస్కృతి ఉంటే చాలు. అచ్చు చీర చేసేది సరిగ్గా ఆ పనే.

అనుకరణ కొత్తదేమీ కాదు. 1866లో ఫోర్బ్స్ వాట్సన్ మన దేశపు బట్టల్ని కత్తిరించి, 700 నమూనాలతో 18 సంపుటాలు తయారుచేయించాడు. ఇక్కడి జనం ఏం కడతారో బ్రిటిష్ మిల్లుదారులు తెలుసుకుని, అలాంటివే తయారుచేసి ఇక్కడే అమ్ముకోవడానికి. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు 2005 నాటికే వచ్చింది. చేనేతకి కొన్ని రకాలు కేటాయించిన 1985 చట్టమూ ఉంది. రెండూ మన సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి.

ఇంతకీ ఆ చీర అసలుదే అయితే అందులో ఎవరి చేతులు ఉండేవి? 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలోని 35 లక్షల పైచిలుకు చేనేత కార్మికుల్లో 72 శాతం మంది స్త్రీలు. అయినా ‘నేత కార్మికుడు’ అనగానే మన కళ్లముందు మగ్గం గుంటలో కూర్చున్న మగమనిషే. ఆసు పోయడం, కండెలు చుట్టడం ‘ఇంట్లో వాళ్ల సాయం’ కిందికి పోతాయి. ఒక్క చీరకి ఆసు పోయాలంటే చెయ్యి సుమారు 9000 సార్లు ఆడాలి, నాలుగైదు గంటల పని. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, 2019లో ‘మల్లేశం’ సినిమా వచ్చింది.

మంచి సినిమా. ఆసు పోసే చెయ్యిని తెలుగు తెర మీద అంత దగ్గరగా చూపించడం చిన్న విషయం కాదు. కానీ దాని నడకంతా కొడుకు వైపే. తల్లి నొప్పి అతని పట్టుదలకి కారణంగా వస్తుంది, అక్కడి నుంచి కథ అతనిది. ఆసు పని యంత్రానికి వెళ్లాక మిగిలిన ఆ నాలుగైదు గంటలు ఆమెకే దక్కాయా, మళ్లీ కండెల దగ్గరికే పోయాయా? ఆ సంగతి ఆమె కూర్చున్న చోటు నుంచి మొదలుపెట్టి రాసే కథే చెప్పగలదు.