కంప్యూటర్ ప్లాట్‌ఫారం మార్పు: లాభనష్టాల వివేచన

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• ప్లాట్‌ఫారం మారినప్పుడు నిజానికి ఏవేవి మారతాయో వివరించగలుగుతారు.
• మార్పును సమర్థించే వాదాలను, వ్యతిరేకించే వాదాలను విమర్శనాత్మకంగా పరిశీలించగలుగుతారు.
• మ్యూనిక్ నగరపాలన, కేరళ పాఠశాలల అనుభవాలను పోల్చి చెప్పగలుగుతారు.
• తెలుగు రాత విషయంలో మార్పు తెచ్చే ప్రత్యేక సమస్యలను గుర్తించగలుగుతారు.

1. ప్రవేశిక

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే సాధారణ మద్దతు ముగిసింది. దాని తరవాతిదైన విండోస్ 11 నడవాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కొంత కొత్త తరం ప్రాసెసర్ ఉండాలి. ఇవి లేని కంప్యూటర్లు చక్కగా పనిచేస్తున్నా అధికారికంగా ముందుకు పోలేవు. ఇలాంటి సందర్భం ఇదే మొదటిది కాదు. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి, 2020 జనవరి 14న విండోస్ 7కు ఇదే జరిగింది. ప్రతిసారీ కార్యాలయాలు, కళాశాలలు, చిన్న వ్యాపారులు, ఇంట్లో ఒక్క కంప్యూటరు ఉన్న విద్యార్థులు ఒకే ప్రశ్న వేసుకున్నారు: కొత్త యంత్రం కొనాలా, లినక్స్‌కు మారాలా, లేక మాక్ కొనాలా?

ఈ ప్రశ్నకు మనకు సాధారణంగా దొరికే జవాబు ఒక పట్టిక. ఎడమవైపు లాభాలు, కుడివైపు నష్టాలు రాసి, ఏవి ఎక్కువో లెక్కపెట్టమంటారు. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, పట్టికలోని వరుసలన్నింటికీ ఒకే విలువ ఉన్నట్టు కనిపిస్తుంది. తెర అందంగా ఉండటం ఒక వరుస, పాత ఫైళ్లు తెరుచుకోకపోవడం మరో వరుస. ఇవి రెండూ సమానమా? రెండోది, లాభం ఎవరికో నష్టం ఎవరికో పట్టిక చెప్పదు. లైసెన్సు డబ్బు మిగిలేది సంస్థకు. కొత్త మెనూలతో కుస్తీ పట్టేది గుమాస్తా. ఈ పాఠంలో ప్రధాన వాదాలను ఒక్కొక్కటిగా తీసుకుని, వాటి బలాబలాలను పరిశీలిద్దాం.

2. ప్లాట్‌ఫారం అంటే ఏమిటి?

వాడుకలో ప్లాట్‌ఫారం అంటే ఆపరేటింగ్ సిస్టమ్ అనే అర్థం స్థిరపడింది. విశ్లేషణకు ఈ అర్థం చాలదు. మనం వాడే కంప్యూటరును అయిదు పొరలుగా చూడవచ్చు: యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్, దానిమీద నడిచే అప్లికేషన్లు, వాటితో తయారైన ఫైళ్లు, వాటిని వాడే మనిషి అలవాట్లు.

ఇందులో మొదటి మూడూ డబ్బు పెడితే మళ్లీ దొరికేవి. చివరి రెండూ అలాంటివి కావు. ఇరవై ఏళ్లుగా పోగైన ఫైళ్లను, చేతివేళ్లకు పట్టుబడిన పనితనాన్ని ఏ దుకాణమూ అమ్మదు. ప్లాట్‌ఫారం మార్పుపై జరిగే చర్చలో ఎక్కువ భాగం మొదటి మూడు పొరల చుట్టూ తిరుగుతుంది. చిక్కులు ఎక్కువగా చివరి రెండింటిలో వస్తాయి. ఈ పాఠమంతటా గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదే.

3. ఖర్చు వాదం: మ్యూనిక్ ఉదాహరణ

లినక్స్ ఉచితం కాబట్టి మారితే డబ్బు మిగులుతుందన్నది అందరూ చెప్పే మాట. దీన్ని పరీక్షించడానికి జర్మనీలోని మ్యూనిక్ నగరపాలన అనుభవం మంచి ఆధారం.

విండోస్ ఎన్‌టీ 4.0కు మద్దతు ముగియబోతున్న దశలో, 2003 మే నెలలో, తన దాదాపు 14 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చాలని నగర మండలి సూత్రప్రాయంగా తీర్మానించింది. అంతకు ముందు మైక్రోసాఫ్ట్ అధిపతి స్టీవ్ బామర్ స్వయంగా వచ్చి మేయర్ క్రిస్టియన్ ఊడేను కలిశాడు. కంపెనీ ధర బాగా తగ్గించింది. లినక్స్ ప్రతిపాదన తక్కువ ధరది కాకపోయినా మండలి దాన్నే ఎంచుకుంది. అంటే ఆ నిర్ణయానికి మూలం పొదుపు కాదు, ఒకే కంపెనీపై ఆధారపడకూడదన్న విధానం. లిమక్స్ అని పేరు పెట్టిన ఈ పథకంలో యంత్రాల మార్పిడి 2006లో మొదలైంది. 2013 చివరికి 14,800కు పైగా కంప్యూటర్లు మారాయి.

లెక్కలు తరవాత వచ్చాయి. కోటి యూరోలకు పైగా మిగిలిందని నగరం 2012లో ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ కోరగా హెచ్‌పీ చేసిన అధ్యయనం దీనికి పూర్తిగా విరుద్ధంగా చెప్పింది: లినక్స్‌కు 6 కోట్ల యూరోలకు పైగా అయిందని, విండోస్‌లోనే ఉండి ఉంటే 1 కోటి 70 లక్షలతో సరిపోయేదని.

ఒకే పథకానికి ఇంత తేడా ఎలా వచ్చింది? నగరం తన ఖర్చును కొత్త విండోస్‌కు, కొత్త ఆఫీసుకు మారే ఖర్చుతో పోల్చింది. హెచ్‌పీ అధ్యయనం విండోస్ ఎక్స్‌పీ, ఆఫీస్ 2003 అనే పాత రూపాలతో పోల్చింది. దేనితో పోలుస్తున్నామో తేలకుండా ఖర్చు తేలదు. ఏమీ చేయకుండా ఊరుకోవడానికి కూడా ఖర్చు ఉంటుందని మొదటి లెక్క గుర్తించింది; రెండోది ఆ అంశాన్ని తేలిక చేసింది. విద్యార్థి గమనించవలసినది: లెక్క వేసినదెవరు, వేయించినదెవరు, ఏ సంవత్సరంతో ఏ సంవత్సరాన్ని పోల్చారు. ఈ మూడూ అడగకుండా ఏ పొదుపు అంకెనూ నమ్మవద్దు, ఏ నష్టం అంకెనూ నమ్మవద్దు.

కథ అక్కడితో ఆగలేదు. 2014లో డీటర్ రైటర్ మేయర్ అయ్యాక లిమక్స్‌పై అసంతృప్తి బయటికి వచ్చింది. 2017 నవంబరులో మండలి తిరిగి విండోస్‌కు పోవాలని తీర్మానించింది. దానికి దాదాపు 5 కోట్ల యూరోలు ఖర్చవుతుందని అంచనా. 2020లో అధికారంలోకి వచ్చిన కూటమి మళ్లీ ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇస్తామంది. ఈ రాకపోకలు చూసి లినక్స్ విఫలమైందని కొందరు తేల్చారు. అది తొందరపాటు. అప్పట్లో యాక్సెంచర్ సంస్థ ఇచ్చిన నివేదిక కూడా సాఫ్ట్‌వేర్ కంటే నగరపాలనలోని ఐటీ వ్యవస్థ నిర్మాణాన్నే పెద్ద లోపంగా చూపింది. ఎవరి బాధ్యత ఏదో తేలని చోట ఏ సిస్టమ్ పెట్టినా నింద సిస్టమ్ మీదికే పోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

4. స్వేచ్ఛ వాదం: కేరళ ఉదాహరణ

రెండో వాదం స్వేచ్ఛ. మూలసంకేతం అందుబాటులో ఉంటే సాఫ్ట్‌వేరును పరిశీలించవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. ఒక కంపెనీ ఇకపై మద్దతు లేదని ప్రకటించినంత మాత్రాన మన యంత్రం మూలన పడదు. విలువ దృష్ట్యా ఇది ఖర్చు వాదం కంటే గట్టిది. కానీ మార్చుకునే హక్కు వేరు, మార్చుకునే శక్తి వేరు. ఊళ్లోని ఇంటర్నెట్ కేంద్రం యజమానికి మూలసంకేతం ఇచ్చినా అతనేం చేస్తాడు? స్వేచ్ఛను అనుభవంలోకి తేవడానికి వెనక ఒక సంస్థ ఉండాలి.

కేరళలో ఆ సంస్థ ఉంది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం, మొదట విండోస్ ఆధారంగా ఉన్న పాఠాలపై ఆక్షేపణలు వచ్చిన మీదట, క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వైపు మళ్లి ఆ దశాబ్దం ముగిసేలోపు ప్రభుత్వ పాఠశాలలను లినక్స్‌కు మార్చింది. ఉపాధ్యాయులకు శిక్షణ, పాఠ్యపుస్తకాలు, మలయాళానికి అనువైన సొంత లినక్స్ రూపం, పరీక్ష, అన్నీ ఒకే దిశలో నడిచాయి. 2017లో ఈ పథకం కైట్ అనే ప్రభుత్వ సంస్థగా రూపొందింది.

మ్యూనిక్‌లో ముందువెనకలాడినది కేరళలో ఎందుకు నిలిచింది? మన అయిదు పొరల నమూనా ఇక్కడ ఉపయోగపడుతుంది. బడిపిల్లలకు పాత ఫైళ్లు లేవు, పాత అలవాట్లు లేవు. మొదటి మూడు పొరలు మార్చితే చాలు. మ్యూనిక్ ఉద్యోగులకు వేలకొద్దీ పత్రాల నమూనాలు, మ్యాక్రోలు ఉన్నాయి. వాటిని మార్చడానికి వోల్‌మక్స్ అనే ప్రత్యేక సాధనమే తయారు చేసుకోవలసి వచ్చింది. కాబట్టి కేరళ విజయాన్ని చూపించి ఒక రెవెన్యూ కార్యాలయాన్ని రేపే మారమనడం ఎంత తప్పో, మ్యూనిక్‌ను చూపించి ఒక పాఠశాలను మారవద్దనడమూ అంతే తప్పు.

5. అలవాటు వాదం

మార్పును వ్యతిరేకించేవారి ప్రధాన ఆయుధం అలవాటు. దీన్ని బద్ధకం అని కొట్టిపారేయడం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అభిమానులలో తరచు కనిపించే ధోరణి. అది న్యాయం కాదు. ట్యాలీలో లెక్కలు రాసే గుమాస్తా మౌస్ ముట్టుకోకుండా కీలతోనే రోజుకు వందల పద్దులు ఎక్కిస్తాడు. ట్యాలీ విండోస్ కోసం తయారైనది. లినక్స్‌లో దాన్ని ఎలాగో ఒకలా నడిపించినా, పన్ను గడువు రోజున ఆగిపోతే జవాబుదారీ అతనే. అతని వెనకాడటంలో వివేకం ఉంది.

అయితే ఈ వాదానికీ హద్దు ఉంది. అలవాటును విండోస్ కూడా చెడగొడుతుంది. ఆఫీస్ 2007లో పాత మెనూలు పోయి రిబ్బన్ వచ్చింది. విండోస్ 8లో స్టార్ట్ బటనే మాయమై, 8.1లో తిరిగి వచ్చింది. ఉన్నచోటే ఉన్నా తిరిగి నేర్చుకోవడం తప్పదు. అందువల్ల కొత్తది నేర్చుకునే శ్రమను మారడానికి అయ్యే నష్టంగా మాత్రమే రాసి, ఉండిపోవడానికి అయ్యే శ్రమను సున్నాగా చూపే పట్టిక సరైనది కాదు.

6. తెలుగు రాత విషయం

మన పాఠకులకు అన్నిటికంటే దగ్గరి విషయం ఇది. తెలుగు డీటీపీ రంగం చాలాకాలం పేజ్‌మేకర్ మీద, అను వంటి ఫాంట్ల మీద నడిచింది. పేజ్‌మేకర్ చివరి రూపం 7.0 వచ్చింది 2001లో. ఆ పద్ధతిలో తెలుగు అక్షరాల ఆకారాలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో కూర్చోబెట్టారు. తెరమీద తెలుగు కనిపిస్తుంది గానీ, ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని రోమన్ అక్షరాల గుంపు. పైగా ఒక కంపెనీ సంకేతాలు మరో కంపెనీకి సరిపోవు.

యూనికోడ్ దీనికి భిన్నం. 1991లో వెలువడిన మొదటి రూపం నుంచీ అందులో తెలుగుకు 128 స్థానాల సొంత గడి ఉంది. ఏ యంత్రంలోనైనా, ఏ ఫాంటులోనైనా ‘క’ సంకేతం దశాంశ పద్ధతిలో 3093. ఈ ఏర్పాటు వల్ల యూనికోడ్‌లో రాసినది విండోస్ నుంచి లినక్స్‌కు, అక్కడి నుంచి ఫోనుకు చెడకుండా వెళుతుంది. కీబోర్డు సంగతీ అంతే. ఇన్‌స్క్రిప్ట్ రెండుచోట్లా ఉంది. డీటీపీ ఆపరేటర్లకు అలవాటైన ఆపిల్ అమరిక లినక్స్‌లోనూ పెట్టుకోవచ్చు.

అంటే చిక్కులే లేవని కాదు. విండోస్‌లోని గౌతమి ఫాంటు లినక్స్‌లో ఉండదు. వేరే ఫాంటు వచ్చి కూర్చుంటే అక్షరాల వెడల్పు మారి, రెండు పేజీల ప్రశ్నపత్రం మూడో పేజీలోకి జారుతుంది. వర్డ్‌లో గీసిన పట్టిక లిబ్రెఆఫీస్‌లో పక్కకు జరగవచ్చు. ఇవి చికాకులే గానీ, సరిచేసుకోగలిగినవి. పాత ఫాంట్ల ఫైళ్ల సంగతి అలా కాదు. 1990లలో టైపు చేయించిన సిద్ధాంత గ్రంథాల ఫైళ్లు ఇప్పటికీ కొందరి దగ్గర భద్రంగా ఉన్నాయి. ఫైలు ఉంది, అందులో ఒక మాట వెతకడానికి వీల్లేదు. కన్వర్టర్లతో మార్చినా వత్తులు, అరసున్నలు చెదురుతాయి. మళ్లీ మనిషి కూర్చుని ప్రూఫు చూడవలసిందే.

గమనించండి: ఈ నష్టం ప్లాట్‌ఫారం మార్చినందువల్ల రాలేదు. మార్చకుండా విండోస్‌లోనే ఉన్నవారికీ వచ్చింది. ఫైలు రూపాన్ని ఆలోచించకుండా ఎంచుకున్నందువల్ల వచ్చింది. ఒక ప్లాట్‌ఫారాన్ని అంచనా వేసేటప్పుడు అందులోకి పోవడం ఎంత సులువో అందరూ అడుగుతారు. అందులోంచి మన రాతతో సహా బయటికి రావడం ఎంత సులువో కూడా అడగాలి. నా దృష్టిలో లాభనష్టాల పట్టికలో మొదటి వరుస అదే కావాలి.

7. నిర్ణయానికి ఒక క్రమం

జర్మనీలోనే ష్లెస్‌విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం దాదాపు 30 వేల మంది ఉద్యోగుల కంప్యూటర్లను మార్చడానికి 2024లో నిర్ణయించింది. అక్కడ ముందు లిబ్రెఆఫీస్, ఆపైన మెయిల్ వంటి అప్లికేషన్లు, తరవాతే లినక్స్. అప్లికేషన్లను ముందు మార్చితే ఆపరేటింగ్ సిస్టమ్ మారే రోజుకు మనిషికి కొత్తదనం తగ్గుతుంది. మన చిన్న అవసరాలకూ ఈ క్రమమే మేలు:

(అ) ముందు ఫైళ్లు. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చి సరిచూసుకోవాలి. మారకపోయినా ఈ పని వృథా కాదు.
(ఆ) తరవాత అప్లికేషన్లు. విండోస్‌లో ఉండగానే లిబ్రెఆఫీస్, ఫైర్‌ఫాక్స్ వంటివి కొన్ని నెలలు వాడి చూడాలి.
(ఇ) తప్పనిసరిగా విండోస్ కోరే పని ఏదైనా ఉందేమో జాబితా రాయాలి. ఒక్కటి ఉన్నా, ఆ పనికి ఒక యంత్రాన్ని విండోస్‌లోనే ఉంచాలి.
(ఈ) పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి ప్రింటరు, వైఫై, కీబోర్డు పనిచేస్తున్నాయో చూడాలి. ఇన్‌స్టాల్ చేయడం ఆఖరి మెట్టు.
(ఉ) చెడిపోతే ఎవరిని పిలవాలో ముందే తెలిసి ఉండాలి. సమాధానం లేకపోతే మార్పును వాయిదా వేయాలి.

8. సారాంశం

ప్లాట్‌ఫారం మార్పులో యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్, అప్లికేషన్ల కంటే ఫైళ్లు, అలవాట్లు బరువైనవి. ఖర్చు వాదం పోలిక దేనితో అన్నదానిపై ఆధారపడుతుంది. స్వేచ్ఛ వాదం విలువైనదే గానీ దాన్ని ఆచరణలో నిలబెట్టే సంస్థ అవసరం. అలవాటు వాదంలో న్యాయం ఉంది, హద్దు కూడా ఉంది. మారినా మారకపోయినా, తన రాతను ఏ యంత్రంలోనైనా తెరుచుకునే రూపంలో ఉంచుకున్నవారికి నష్టం తక్కువ.

9. మీ అవగాహనను పరీక్షించుకోండి

1. ఒకే మ్యూనిక్ పథకంపై రెండు లెక్కలు ఎందుకు భిన్నంగా వచ్చాయి?
2. ‘మార్చుకునే హక్కు వేరు, మార్చుకునే శక్తి వేరు.’ కేరళ అనుభవం ఆధారంగా చర్చించండి.
3. పాత తెలుగు ఫాంట్లకూ యూనికోడ్‌కూ గల తేడాను ఉదాహరణతో వివరించండి.
4. మీకు తెలిసిన ఒక కార్యాలయాన్ని గానీ దుకాణాన్ని గానీ తీసుకుని, అయిదు పొరల నమూనా ప్రకారం అది ప్లాట్‌ఫారం మారవచ్చో లేదో నిర్ణయించండి. లాభం ఎవరికి, శ్రమ ఎవరికి అన్నది విడివిడిగా రాయండి.