ఒక కార్డు వేగమా, రెండు కార్డుల బలమా?

కంప్యూటరు ఆటలలో కనిపించు ప్రతి దృశ్యమును గ్రాఫిక్స్ కార్డు అను భాగము చుక్క చుక్కగా లెక్కకట్టి తెరపై నిలుపుచున్నది. ఈ చుక్కలకు పిక్సెళ్లని పేరు. 1920 × 1080 కొలతగల సాధారణమైన తెరపై ఇవి 20,73,600 ఉండును. 4కె అని పిలువబడు 3840 × 2160 తెరపై 82,94,400 ఉండును. అనగా సరిగా నాలుగు రెట్లు. సెకనుకు 60 చిత్రములు కావలెనన్నచో ఒక్కొక్క చిత్రమునకు కార్డుకు దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకనులు మాత్రమే. పాత తెరపై చక్కగా నడచిన కార్డు క్రొత్త తెరపై ఆయాసపడుటలో వింత లేదు.

ఈ ఆయాసమునకు రెండు మందులు చాలకాలముగా ప్రచారములో ఉన్నవి. ఉన్న కార్డునే నిర్ణీత వేగమునకు మించి పరుగెత్తించుట మొదటిది. దీనినే ఓవర్‌క్లాకింగ్ అందురు. అట్టిదే మరియొక కార్డును ప్రక్కన చేర్చుట రెండవది. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్ వంటి బొగ్గుగనుల ఊరిలో ఇది వట్టి వినోదపు ప్రశ్న కాదు. సింగరేణి కార్మికునికి లాభాల వాటా చేతికి వచ్చినప్పుడు ఇంటిలోని పిల్లవాడు రెండవ కార్డు కావలెనని అడుగవచ్చును. ఆ సొమ్ము భూమిక్రింద పడిన శ్రమకు ఫలము. కావున ఈ రెండు సలహాలలో నిజమెంతయో నిగ్గు తేల్చవలసియున్నది.

ఇందుకు గని పనివారికి పరిచితమైన ఉదాహరణమే చాలును. భూగర్భ గనిలోనికి గాలిని నడిపించు ప్రధాన ఫ్యానును తలచుకొందము. దాని భ్రమణ వేగమును 10 శాతము పెంచినచో గాలియు 10 శాతము పెరుగును. కాని అది త్రాగు విద్యుచ్ఛక్తి వేగము యొక్క ఘనమును అనుసరించును గనుక 33 శాతము పెరుగును. గ్రాఫిక్స్ కార్డులోని చిప్పునకును ఇంచుమించు ఇదే ధర్మము. అది వినియోగించు శక్తి క్లాకు వేగమును, వోల్టేజి వర్గమును అనుసరించి యుండును. వేగము పెంచిన పిదప చిప్పు తడబడకుండుటకు వోల్టేజిని కూడ పెంచవలసివచ్చును. రెండును 10 శాతము చొప్పున పెరిగినచో శక్తి 1.33 రెట్లగును. 250 వాట్ల కార్డు 330 వాట్లకు పైగా కోరును.

ఇంత ఇచ్చి పొందునదేమి? సెకనుకు 40 చిత్రములు చూపు కార్డు, లెక్క అంతయు అనుకూలించినచో, 44 చూపును. 60 కావలసినవానికి 50 శాతపు లోటు ఉండగా ఇందు తీరునది 10 శాతము. పైగా 2012 నుండి వచ్చిన కార్డులలో పెక్కు, వేడికిని విద్యుత్తునకును అవకాశమున్నంత మేరకు తమ వేగమును తామే పెంచుకొను ఏర్పాటు కలిగియున్నవి. కనుక ఓవర్‌క్లాకింగ్ ఉచితముగా దొరకు శక్తియను మాట నేడు చాలవరకు చెల్లదు. తయారీదారు ఆ మిగులును ముందే వాడివేసినాడు.

ఇక శ్రీరాంపూర్ ఎండ సంగతి. కార్డునుండి బయటికి పోవు వేడి, చిప్పునకును గది గాలికిని గల ఉష్ణోగ్రతా భేదమును అనుసరించును. పలు కార్డులు 83 డిగ్రీల ప్రాంతమున స్వయముగా వేగము తగ్గించుకొనును. గది 25 డిగ్రీలున్నచో భేదము 58. మే మాసములో గది 42 డిగ్రీలకు చేరినచో భేదము 41 మాత్రమే. అదే పంకా, అదే వేగము. అయినను తొలగు వేడి దాదాపు 30 శాతము తగ్గినది. చల్లని దేశములో వ్రాసిన సలహా ఇక్కడ వేసవి మధ్యాహ్నమున పనిచేయకపోవుటకు కారణమిది.

రెండవ సలహాను పరిశీలింతము. దీనికి ఘనమైన చరిత్రయే కలదు. 1998లో 3డిఎఫ్ఎక్స్ సంస్థవారి వూడూ2 కార్డులు రెండు జతపడి, తెరమీది వరుసలను ఒకటి విడిచి ఒకటి పంచుకొని గీచినవి. ఎన్‌విడియా 2004లో ఎస్‌ఎల్‌ఐ పేరుతోను, ఏటీఐ 2005లో క్రాస్‌ఫైర్ పేరుతోను ఇదే ఆశను పునరుద్ధరించినవి. అయితే ఈసారి సాధారణముగా జరిగినది వేరు: ఒక చిత్రము ఒక కార్డునకు, తరువాతి చిత్రము రెండవ కార్డునకు.

ఇందులోని లోపములు మూడు. మొదటిది: ఒక చిత్రమునకు 25 మిల్లీసెకనులు పట్టునన్నచో, రెండు కార్డులున్నను ఆ చిత్రమునకు 25 పట్టవలసినదే. చిత్రముల సంఖ్య పెరుగును గాని ఆటగాని చేతికిని తెరకును నడుమ ఆలస్యము తగ్గదు. పైగా చిత్రములు సమముగా రావు. 5 మిల్లీసెకనులకొకటి, 20 మిల్లీసెకనులకొకటి చొప్పున వచ్చినచో సగటున సెకనుకు 80 అని లెక్క తేలును. కన్ను మాత్రము 20 మిల్లీసెకనుల కుదుపునే గుర్తించును. సగటు లెక్కలు చూపి రెండు కార్డులను పొగడినవారు ఈ కుదుపును దాటవేసినారు. రెండవది: ఒకే సమాచారము రెండు కార్డులలోను ఉంచవలసి యుండును గనుక, 8 గిగాబైట్ల కార్డులు రెండు కలిసినను ఆటకు దక్కునది 8 గిగాబైట్లే. 4కె తెరకు కావలసిన జ్ఞాపకస్థలము పెరుగలేదు. మూడవది: నేటి ఆటలు గడచిన చిత్రములోని సమాచారమును ప్రస్తుత చిత్రమునకు వాడుకొనును. ముందటిది మరియొక కార్డులో నున్నచో దానికై వేచియుండవలెను.

ఇక్కడను గని ఫ్యానే సాక్ష్యము. ఇరుకైన గనికి రెండవ ఫ్యానును ప్రక్కన బిగించినంతమాత్రాన గాలి రెట్టింపు కాదు. అదే దారిలో గాలి రెట్టింపు కావలెనన్నచో ఒత్తిడి నాలుగు రెట్లు, శక్తి ఎనిమిది రెట్లు కావలెను. అడ్డంకి దారిలో నున్నది గాని ఫ్యానులో కాదు.

తయారీదారులే ఈ తీర్పును అంగీకరించినారు. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12 పని పంపకపు భారమును ఆట వ్రాయువారిపై ఉంచినది. దానిని తలకెత్తుకొన్నవారు కొలదిమందియే. 2021 జనవరి నుండి పాత కార్డుల ఎస్‌ఎల్‌ఐకి క్రొత్త ఆటల ఏర్పాట్లు చేయుట ఎన్‌విడియా మానుకొన్నది. 2022లో వచ్చిన ఆర్‌టిఎక్స్ 40 శ్రేణి ఆట కార్డులలో జతపరచు అమరికయే లేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో ఎథీరియం అను డిజిటల్ నాణెము తన ‘తవ్వకము’ పద్ధతిని విడువగా, ఆ పనిలో రేయింబవళ్లు నడచిన కార్డులు పాత సామాను అంగడికి వచ్చినవి. చవుకయని అట్టివాటిని జతకై కొనుట మరింత సాహసము.

అట్లని రెండు కార్డులు ఎక్కడను పనికిరావనుట సరికాదు. పని ముక్కలుగా విడిపోయి, ఒక ముక్క మరియొకదానికై వేచియుండనిచోట అవి నిజముగా ఉపకరించును. హైదరాబాదు ట్రిపుల్ ఐటీకి చెందిన పవన్ హరీశ్, పి. జె. నారాయణన్ 2007లోనే పెద్ద గ్రాఫుల గణనలను గ్రాఫిక్స్ కార్డుపై వేగముగా జరుపు పద్ధతులను ప్రకటించినారు. పని స్వభావమునుబట్టి పంపకము ఫలించునని అట్టి కృషి తెలుపుచున్నది. పరుగెత్తు ఆటలోని చిత్రముల వరుస అట్టి పని కాదు.

మరి ఉపాయమేమి? వివేకముగల గని ఇంజనీరు ఫ్యాను కొనకముందు గాలిదారిని వెడల్పుచేయించి, లీకులను మూయించును. ఆటగాడును ముందు పనిభారమునే తగ్గించవలెను. 2560 × 1440 కొలతలో గీచి 4కె తెరకు పెంచినచో గీయవలసిన చుక్కలు 36,86,400. అనగా 44 శాతమే. ఇట్లు పెంచుటకు ఎన్‌విడియా 2018లో డిఎల్‌ఎస్‌ఎస్, ఏఎండీ 2021లో ఎఫ్‌ఎస్‌ఆర్ అను పద్ధతులను ప్రవేశపెట్టినవి. సన్నని తీగెలు, వేగముగా కదలు అంచులు వీటిలో కొంత చెదరును. ఈ లోపమును దాచనక్కరలేదు. అయినను ఖర్చు లేనిది గనుక మొదట ప్రయత్నింపదగినది ఇదియే.

వేసవిలో వేగము పెంచుటకు మారుగా, అదే వేగమున వోల్టేజిని కొంచెము తగ్గించి చూచుట మేలు. 10 శాతము తగ్గించినను చిప్పు నిలకడగా నడచినచో, ఆ మేరకు శక్తి 19 శాతము తగ్గును. ఇవన్నియు చేసినను చాలనప్పుడు, పాతదానిని అమ్మి అంతకంటె శక్తిగల ఒకే కార్డు కొనుట సమంజసము. ఆ కొనుగోలును వచ్చే లాభాల వాటా దాక వాయిదా వేసినను నష్టమేమియు లేదు.