ఆరో అక్షరం దగ్గర

సౌందర్యలహరి నేర్చుకోవడానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, ఎన్నాళ్లకు నోటికొస్తుందని. నాకు సంత చెప్పిన పెద్దావిడ ఆ ప్రశ్నకు జవాబిచ్చేవారు కాదు. ఆరక్షరాలు అనిపించి ఆపేవారు. గుక్క తిప్పుకున్నాకే మిగతా పదకొండూ.

నూరు శ్లోకాలూ శిఖరిణీ వృత్తమే. పాదానికి పదిహేడు అక్షరాలు. మొదట ఒక లఘువు, వెంటనే ఐదు గురువులు, అక్కడ విరామం. ఆపైన ఐదు లఘువులు ఒకదాన్నొకటి తరుముకుంటూ వస్తాయి. బరువు మోస్తూ మెట్లెక్కి, క్షణం నిలబడి, వాలులో పరుగందుకున్నట్టు ఉంటుంది. తెలుగు పద్యానికి అలవాటైన చెవికి ఈ నిలబడటం కొత్త. మన యతి అక్షరమైత్రి. మాట దాని మీదుగా సాగిపోయినా తప్పులేదు. సంస్కృతంలో యతి అంటే ఆగడమే.

ఎందుకు ఆగాలో 14వ శ్లోకం దగ్గర నాకు బాగా తెలిసింది. ఆరు చక్రాల కిరణాల లెక్క అది. మొదటి పాదంలో భూమికి 56, నీటికి 52. రెండో పాదంలో అగ్నికి 62, వాయువుకు 54. మూడో పాదంలో ఆకాశానికి 72, మనసుకు 64. మొత్తం 360. మూడు పాదాల్లోనూ ఒక సంఖ్య సరిగ్గా ఆరో అక్షరంతో ముగుస్తుంది, రెండోది విరామం తరువాత మొదలవుతుంది. 72ను రెండు ముప్పైయారులుగా చెప్పి మరీ ఆ ఆరక్షరాల్లో ఇమిడ్చాడు కవి! ఆగకుండా చదివితే అంకెలన్నీ కలగాపులగమే.

ఇప్పుడు చాలా పారాయణాల్లో వేగమే వినిపిస్తోంది. నూరూ పూర్తవ్వాలన్న ఆత్రం. బజారు పుస్తకాల్లో శ్లోకానికో యంత్రం, జపసంఖ్య, నైవేద్యం, ఫలం అచ్చేసి ఉంటాయి. ఆ సంప్రదాయం మీద నాకు గౌరవమే. కానీ ఫలం చూసి శ్లోకాన్ని ఏరుకుంటే, 42లో కిరీటం దగ్గర మొదలైన కవి చూపు పాదాల దాకా ఎలా దిగివస్తుందో అందదు. దానికి వరస కావాలి, అర్థం కావాలి. గజపతి ప్రతాపరుద్రుడి ఆస్థానంలో ఉన్న లక్ష్మీధరుడి వ్యాఖ్య పక్కన పెట్టుకుంటే చాలా ముడులు విడిపోతాయి.

ఇంకొకటి, సున్న. శంకర, పంచ, దండ అన్నిటికీ మన లిపిలో ఒకటే గుర్తు. ఇంట్లో మాట్లాడేటప్పుడు నాలుక తనంతట తానే సరైన చోటికి పోతుంది. శ్లోకమనగానే బిగుసుకుపోయి అన్నిటినీ ‘మ్’ చేసేస్తాం. పిల్లలకు ముందు తెలుగు మాటలే అనిపించి, అదే నోటితో శ్లోకం అందుకోమంటున్నాను.

ఈసారి నవరాత్రులకు మా బృందాన్ని ఒకటే అడిగాను: రోజుకు పది శ్లోకాలే, ప్రతి పాదంలోనూ ఆగుతూ.