తివాచీ మీద పసుపు మరక

సాంబారు చుక్క తివాచీ మీద పడగానే చేయి సబ్బు మీదికి పోతుంది. సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు, క్షారం తగిలితే పసుపు ఎరుపే. అందుకే నేను ముందు పొడిగుడ్డతో అద్దుతాను. తర్వాత చన్నీళ్లతో తడిపి, అంచు నుంచి నడిమికి అద్దుకుంటూ వస్తాను. రుద్దితే మరక పోగుల్లోకి దిగుతుంది. మిగిలిన పసుపు ఛాయను ఎండ చూసుకుంటుంది, అందులోని కుర్కుమిన్ అనే రంగు పదార్థం వెలుతురుకు నిలవదు.

ఏలూరు తివాచీ లాంటి ఉన్నిదైతే ఇంకా మెలకువ కావాలి. ఉన్ని కూడా మన జుట్టులాగే ప్రోటీన్. బ్లీచ్ దాన్ని కరిగించేస్తుంది, చాకలి సోడా పెళుసు చేస్తుంది. పట్టుచీరలకు వాడే కుంకుడు రసమే దానికీ మేలు. లేత రంగుల మీద మాత్రం బాగా పలచన చేయాలి, లేకపోతే గోధుమ ఛాయ మిగులుతుంది. వరంగల్ జంపఖానా నూలుది కాబట్టి తేలికపాటి సబ్బుకు తట్టుకుంటుంది. రంగు దిగుతుందేమో ముందు ఒక మూల తడి తెల్లగుడ్డతో అద్ది చూడాలి.

బజారులో దొరికే తివాచీ షాంపూలు అసలు వాడొద్దని అనను. అయితే ఘుమఘుమ వాసనే శుభ్రతకు గుర్తని నమ్మడం నాకు భయం కలిగిస్తుంది. సరిగా తీయని నురుగు ఎండి పొడై తివాచీలోనే ఉంటుంది. దాని మీద పాకేది, ఆ చేతులు నోట్లో పెట్టుకునేది పసిపిల్లలు. కొన్ని మరకల మందుల్లో వాడిన పెర్క్లోరోఇథిలీన్ అనే ద్రావకం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం తేల్చింది. గృహ వినియోగ వస్తువుల్లో దాన్ని నిషేధిస్తూ అమెరికా 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది. సీసా మీద ఏముందో చదవండి. కిటికీలు తెరవండి. పూర్తిగా ఆరేదాకా పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. బ్లీచింగ్ పౌడర్‌ను వెనిగర్‌తో గానీ బాత్రూం యాసిడ్‌తో గానీ ఎన్నడూ కలపకండి, వచ్చేది క్లోరిన్ వాయువు.

వానాకాలంలో నేను తివాచీ తడపను. ఒకటి రెండు రోజుల్లో ఆరకపోతే బూజు పడుతుంది. దులిపి, వంటసోడా పలచగా చల్లి, తెల్లారాక వాక్యూమ్‌తో లాగేస్తాను. ఉతుకు పని ఎండలు వచ్చాకే.