ఒత్తు ఎక్కడ తప్పింది?

2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ ఐఫోన్లను కుప్పకూల్చింది. ఆ అక్షరంతో మెసేజ్ వస్తే చాలు, యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరిచినా నిలిచేది కాదు. జ, పొల్లు, ఞ, వెనకాల కంటికి కనబడని ఒక కోడ్, ఆపైన దీర్ఘం. ఆ వరుస దగ్గర ఆపిల్ సాఫ్ట్‌వేర్ చతికిలబడింది. ఫిబ్రవరి 19న 11.2.6 అప్‌డేట్ వచ్చేదాకా ఎదురుచూడడం తప్ప మనం చేయగలిగింది లేదు. ఆ సోర్సు కోడ్ మన చేతిలో లేదు.

చేతిలో ఉన్నది హార్ఫ్‌బజ్. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్‌లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు కూర్చే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఇది. ప్రధాన రూపకర్త బెహదాద్ ఎస్ఫహబోద్. దానితోపాటే హెచ్‌బీ-షేప్ అనే చిన్న కమాండ్‌లైన్ పనిముట్టు వస్తుంది. ఫాంటూ మాటా ఇస్తే, ఏ గ్లిఫ్‌లను (అక్షర రూపాలను) ఏ వరుసలో పేర్చిందో పొల్లుపోకుండా చెబుతుంది.

దీన్ని సోర్సు నుంచి మన ఊళ్లో కూర్చునే బిల్డ్ చేసుకోవచ్చు. నెట్ నత్తనడకన ఉంటే గిట్ క్లోన్‌కు డెప్త్ 1 అని చేర్చండి, పాత చరిత్రంతా దిగదు. తర్వాత మీసన్, ఆపైన నింజా అనే బిల్డ్ పనిముట్లు నడపండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఒక్క ఎర్రర్ కూడా లేకుండా బిల్డ్ పూర్తవుతుంది, తీరా చూస్తే యుటిల్ ఫోల్డర్‌లో హెచ్‌బీ-షేప్ ఉండదు! కారణం జీలిబ్ అనే లైబ్రరీ. దాని హెడర్ ఫైళ్లు లేకపోతే మీసన్ గొడవ చేయదు, పనిముట్టును పక్కన పెట్టి మిగతాది కట్టేస్తుంది. జీలిబ్ దొరకలేదన్న ఒక్క లైను ఎక్కడో పైన జారిపోయి ఉంటుంది. ఉబుంటులో జీలిబ్ డెవ్ ప్యాకేజీ వేసుకుని, మీసన్‌కు జీలిబ్ ఎనేబుల్డ్ అని ఖరాఖండిగా చెప్పండి. అప్పుడు లోటుంటే అక్కడికక్కడే ఆగిపోతుంది. అలా ఆగడమే నయం.

ఫాంటుకు సిలికానాంధ్ర విడుదల చేసిన ‘మండలి’ తీసుకోండి, గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. 1975లో ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి దివిసీమలో ఆ పేరు కొత్తదేమీ కాదు. హెచ్‌బీ-షేప్‌కు ఆ ఫాంటుతో ‘మచిలీపట్నం’ అని ఇవ్వండి. యూనికోడ్‌లో అది 10 కోడ్‌లు. ట కింద నావత్తు రావాలి. ఏ ఫాంటుతోనైనా అది రాక పొల్లు బయటపడితే, తప్పు ఫాంటుదా, హార్ఫ్‌బజ్‌దా? ట్రేస్ ఆప్షన్ పెడితే మధ్యలో జరిగే ప్రతి మార్పూ వరుసగా కనిపిస్తుంది. ఫాంటులో నియమమే లేకపోతే అక్కడే తేలిపోతుంది. నియమం ఉండీ అమలు కాకపోతే జీడీబీ డీబగ్గర్ పట్టుకుని సోర్సులోకి దిగాల్సిందే. ఇండిక్ లిపుల కోసం అందులో ప్రత్యేకంగా ఒక ఫైలే ఉంది. చదవడం కష్టమే. కానీ తెలుగు రాయడం వచ్చినవాళ్ల కంటికి ఆనే తప్పులు ఇతరులకు ఆనవు.

అవనిగడ్డ, మచిలీపట్నం, గుడివాడ కాలేజీల్లో కంప్యూటర్లు చదివే పిల్లలకు ఒక మాట. తెలుగు ఎక్కడైనా విరిగి కనబడితే స్క్రీన్‌షాట్‌తో సరిపెట్టకండి. ఫాంటు పేరు, హార్ఫ్‌బజ్ వెర్షన్, కోడ్‌ల వరుస, హెచ్‌బీ-షేప్ ఇచ్చిన జవాబు, ఈ నాలుగూ జతచేసి గిట్‌హబ్‌లో హార్ఫ్‌బజ్ వాళ్లకు రాయండి.